లింకన్ గారి ఓట్ల చిట్టా

ఎన్నికల రోజుల్లో మా అరుగుకు తీరిక వుండదు. ఒకరు వచ్చి కరపత్రం యిస్తారు. ఒకరు వంగి దండం పెడతారు. మరొకరు మా మనవణ్ణి ఎత్తుకుని ముద్దు చేసి, వాడు గుక్కపట్టి ఏడవగానే గబగబా మా ఆవిడ చేతికి తిరిగి యిచ్చేస్తారు. కిందటి ఎన్నికలప్పుడు యిలాగే ఒక పెద్దమనిషి కుర్చీలో కూర్చుని తన అభ్యర్థి గుణగణాలు వర్ణిస్తున్నాడు. సెలవలకు వచ్చిన మా మేనకోడలు లోపలినుంచి వచ్చి, "మీ నాయకుడుగారు యీ ఐదేళ్ళలో ఏయే బిల్లులకు అవునని ఓటు వేశారండీ? వేటికి కాదన్నారు?" అని అడిగింది.

"మావాడు మాటంటే మాటేనమ్మా" అన్నాడాయన నవ్వుతూ.

"మాట సంగతి కాదండీ, ఓటు సంగతి."

పెద్దమనిషి మంచినీళ్ళు అడిగి పుచ్చుకుని, యింకా నాలుగు వీధులు తిరగాలంటూ లేచాడు. ఆయన వెళ్ళగానే పిల్ల నామీద పడింది. "ఆయనకు తెలీదు సరే, మామయ్యా. నీకు తెలుసా?"

నాకూ తెలియదు. తెలియకపోవడంలో నా తప్పు కొంత వుంది కాని, అంతా నాది కాదు. మన శాసనసభల్లో మామూలుగా జరిగేది మూజువాణి ఓటు. సభాపతి తీర్మానం చదివి, అనుకూలురు అవునండి, ప్రతికూలురు కాదనండి అంటారు. ఏ వైపు గొంతు ఎక్కువగా వినిపిస్తే ఆ వైపు నెగ్గినట్టు ప్రకటిస్తారు. ఎవరైనా పట్టుబడితేనే డివిజన్ జరిపించి తలలు లెక్కపెడతారు. ఆపైన పార్టీ విప్ వుండనే వుంది. 1985లో రాజ్యాంగానికి 52వ సవరణ వచ్చిన తరవాత, విప్‌ను కాదని ఓటు వేసిన సభ్యుడు, పార్టీ పదిహేను రోజుల్లోగా క్షమిస్తే తప్ప, తన సభ్యత్వానికే ఎసరు తెచ్చుకుంటాడు. కాబట్టి ఓటు లెక్క దొరికినా అందులో కనబడేది పార్టీయే. మనిషి కనబడడం అరుదు.

ఒక్కొక్క ఓటూ ప్రాణం మీదికి వచ్చిన రోజులు మనకూ లేకపోలేదు. 1954 నవంబరులో, కర్నూలు రాజధానిగా వున్న ఆంధ్రరాష్ట్రంలో, మద్యనిషేధం గొడవ మీద వచ్చిన అవిశ్వాస తీర్మానంలో ప్రకాశంగారి మంత్రివర్గం ఒకే ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది. ఆ సంగతి చెప్పాను.

"అది ఒక్కరోజు సంగతి కదా! మిగతా రోజుల్లో అంతా ప్రోగ్రెస్ కార్డు లేని బడేనన్నమాట" అంది మా పిల్ల.

అప్పుడు నాకు లింకన్ గారు గుర్తుకు వచ్చారు. ఆయన ప్రోగ్రెస్ కార్డు దొరుకుతుంది. దాదాపు రెండువందల ఏళ్ళ కిందటిది. పాసైన పాఠాలు, తప్పిన పాఠాలు, బడి ఎగ్గొట్టిన రోజులు అన్నీ వున్నాయి అందులో.

లింకన్ అనగానే మనకు గడ్డం, పొడుగాటి టోపీ, బానిసల విముక్తి, నాటకశాలలో తుపాకిగుండు గుర్తుకు వస్తాయి. ఆ గడ్డం ఆయన 1860 దాకా పెంచలేదు. దానికి చాలా ముందు, పాతికేళ్ళ వయసులో, నున్నటి గడ్డంతో ఆయన ఒక ఎమ్మెల్యే. ఇల్లినాయ్ అనే రాష్ట్రంలో, మన శాసనసభకు సాటివచ్చే ప్రతినిధుల సభకు 1834, 1836, 1838, 1840లలో వరసగా నాలుగుసార్లు ఎన్నికయ్యాడు. 1818 నాటి ఆ రాష్ట్ర రాజ్యాంగంలో ఒక మంచి నియమం వుంది. సభలో ఏ ఇద్దరు సభ్యులు కోరినా సరే, ఎవరు అవునన్నారో ఎవరు కాదన్నారో పేరుపేరునా సభ దినచర్య పుస్తకంలో రాసి తీరాలి. అందువల్ల యీనాటికీ మనం ఆ పుస్తకం తిప్పి, ఫలానా తేదీన లింకన్ ఎటు ఓటు వేశాడో చూడవచ్చు.

పుస్తకం వున్నంత మాత్రాన తిప్పేవాడు వుండాలిగా! ఆ ఓపిక పట్టినవాడు పాల్ సైమన్ అనే ఆయన. చిన్న వూళ్ళో పత్రిక నడుపుకుంటూ రాజకీయాల్లోకి వచ్చి, తానూ అదే ఇల్లినాయ్ శాసనసభలో సభ్యుడైనాడు. లింకన్ శాసనసభ జీవితం మీద ఆయన పుస్తకం 1965లో వచ్చింది. ఆ తరవాత చాలాకాలానికి ఆయన అమెరికా సెనేటరు కూడా అయ్యాడు. ఒక ఎమ్మెల్యే కష్టనష్టాలు మరో ఎమ్మెల్యేకే తెలుస్తాయి కాబోలు. అంతకు ముందు లింకన్ జీవితచరిత్రలు రాసినవారిలో చాలామంది విని రాసిన సంగతులను ఆయన దినచర్య పుస్తకంతో సరిచూసి రాశాడు.

ఇక కథకు వద్దాం. లింకన్ మొదట నిలబడింది 1832లో. అప్పటికి ఆయన న్యూసేలం అనే చిన్న పల్లెలో ఒక కొట్లో గుమాస్తా, వయసు 23. ఆస్తి లేదు, చుట్టాలు లేరు, చదువు నామమాత్రం. అయినా ఆ మార్చిలో ఓటర్లకు ఒక పెద్ద వుత్తరం అచ్చువేయించాడు. దాన్ని యిప్పటి మాటల్లో ఎన్నికల ప్రణాళిక అనాలి. అందులో ముఖ్యంగా మూడు సంగతులు వున్నాయి. వూరి పక్కన పారే సాంగమన్ నదిని పడవలు తిరిగేలా బాగుచేయాలి. హద్దులేని వడ్డీలకు చట్టంతో కళ్ళెం వేయాలి. అందరికీ చదువు రావాలి. రైలుమార్గం అయితే బాగానే వుంటుంది కాని ఖర్చు 2,90,000 డాలర్లవుతుందట, మనవల్ల కాదు, అందుకని నదే దిక్కు అని లెక్క చెప్పి మరీ రాశాడు.

నది సంగతి తమాషాగా వుంటుంది. ఆ వసంతంలోనే టాలిస్మన్ అనే ఆవిరిపడవ ఒకటి సాంగమన్‌లో ఎదురెక్కి వచ్చింది. వూళ్ళన్నీ ఒడ్డుకు పరుగెత్తాయి. పడవకు దారి చూపడానికి కుదిరినవాళ్ళలో మన లింకన్ కూడా వున్నాడు. తీరా వచ్చాక నీరు తీయడం మొదలుపెట్టింది. పడవ తిప్పుకోవడానికి చోటు లేదు. వచ్చిన దారినే వెనక్కు వెనక్కు నడుపుకుంటూ పోవలసి వచ్చింది. న్యూసేలం దగ్గర మరకు కట్టిన ఆనకట్టను కొంత కొట్టేస్తే గాని పడవ బయటపడలేదు. అభ్యర్థిగారి మొదటి పథకం అలా ఆయన కళ్ళముందే వెనక్కు నడిచింది.

ఆ ఎన్నికలో 13మంది పోటీ చేస్తే ఆయన ఎనిమిదోవాడుగా వచ్చాడు. ఓడిపోయాడు. కాని తన న్యూసేలంలో మాత్రం దాదాపు ఓట్లన్నీ, 277, ఆయనకే పడ్డాయి. తెలిసినవాళ్ళ ఓటు తెలిసినవాడికి పడడం కన్నా పెద్ద యోగ్యతాపత్రం మనిషికి ఏం కావాలి?

1834లో గెలిచాడు. గెలిచాక సభకు వేసుకుపోవడానికి బట్టలు లేవు. వూళ్ళో ఒక స్నేహితుడి దగ్గర 200 డాలర్లు అప్పు చేసి, అందులో 60 పెట్టి ఒక సూటు కుట్టించుకుని, అప్పటి రాజధాని వాండేలియాకు బయలుదేరాడు. సభ్యుడికి జీతం రోజుకు 3 డాలర్లు. అంటే ఆ సూటు యిరవై రోజుల జీతం. ఎమ్మెల్యే కావడానికి ముందు అప్పు, అయ్యాక కొత్త బట్టలు! వరస మన దగ్గరా అదే కాని, అప్పు యిచ్చినవాడికి యీయన మళ్ళీ తీర్చాడు.

1836లో ఆయన జిల్లానుంచి ఏడుగురు ప్రతినిధులు, యిద్దరు సెనేటర్లు సభలకు వెళ్ళారు. తొమ్మిదిమందీ ఆజానుబాహువులే. "పొడుగు తొమ్మండుగురు" అని జనం పేరు పెట్టారు. అందరినీ తలకు కాలు ఆనించి పడుకోబెడితే 54 అడుగులు వస్తారని వేళాకోళం చేసేవారు. లింకన్ ఒక్కడే 6 అడుగుల 4 అంగుళాలు.

ఆ సభలో రెండు పెద్ద పనులు జరిగాయి. మొదటిది అభివృద్ధి పనుల చట్టం. రైలుమార్గాలు, కాలువలు, నదుల బాగుచేత అన్నీ ఒక్కసారే! ఖర్చు కోటి డాలర్లకు పైన. ఏ పనీ దక్కని జిల్లాలు అలగకుండా వాటికి వూరికే పంచడానికి మరో 2 లక్షలు. 1837 ఫిబ్రవరి 27న అది చట్టమైంది. మూడేళ్ళ తరవాత, 1840లో లెక్కపెట్టినా ఆ రాష్ట్రం జనాభా 4,76,183. అంటే పుట్టిన పసిబిడ్డతో సహా తలకు యిరవై డాలర్లకు పైగా భారం పడిందన్నమాట. లింకన్ యీ చట్టానికి గట్టి సమర్థకుడు.

అదే సంవత్సరం దేశమంతటా డబ్బు కరువు వచ్చింది. బాంకులు నాణాలివ్వడం మానేశాయి. పనులు సగంలో నిలిచాయి. 1842 ప్రారంభానికి రాష్ట్రం అప్పు మీద వడ్డీ కూడా కట్టలేక చేతులెత్తేసింది. అప్పుడైనా లింకన్ వెనక్కు తగ్గాడా అంటే, లేదు. పనులు పూర్తి చేస్తేనే పెట్టిన డబ్బు దక్కుతుందని చివరిదాకా వాదిస్తూ, ఓటు వేస్తూ వచ్చాడు. 1839లో యింకో ఆలోచన తెచ్చాడు. రాష్ట్రంలో అమ్ముడుపోకుండా వున్న కేంద్ర ప్రభుత్వ భూములు సుమారు 2 కోట్ల ఎకరాలు, ఎకరం పావుడాలరు చొప్పున రాష్ట్రమే కొని, డాలరుంబావుకు అమ్మితే అప్పు తీరిపోదా అని. కాగితం మీద లెక్క చక్కగానే వుంది. కేంద్రం ఒప్పుకోలేదు. ఇల్లు సగం కట్టి నిలిచిపోయినవాళ్ళకు యీ మనస్తత్వం తెలుస్తుంది. ఆపితే పోతుంది, ఆపకపోతే అప్పు. మా పక్కింటాయన పదేళ్ళుగా ఆ వ్యవహారంలోనే వున్నాడు.

రెండో పని రాజధాని. వాండేలియానుంచి దాన్ని తమ జిల్లాలోని స్ప్రింగ్‌ఫీల్డుకు మార్పించాలని తొమ్మండుగురి పట్టుదల. లింకన్ వాళ్ళకు నాయకుడు. ఒక దశలో ఆ బిల్లును 39-38గా, ఒకే ఒక్క ఓటు తేడాతో, పక్కన పెట్టేశారు. లింకన్ తనవాళ్ళను కూడగట్టి, రానివాళ్ళను రప్పించి, దాన్ని మళ్ళీ బతికించాడు. ఫిబ్రవరి 28న రెండు సభలూ కలిసి ఓటు వేస్తే నాలుగోసారి లెక్కలో స్ప్రింగ్‌ఫీల్డు 73 ఓట్లతో నెగ్గింది. రాజధానుల విషయంలో మనకున్న అనుభవం దృష్ట్యా యీ ఘట్టం మనవాళ్ళకు వివరించనక్కరలేదు.

మీ వూరికి కాలువ, మా వూరికి రాజధాని అని లింకన్ బేరం పెట్టాడని ఆ రోజుల్లోనే అన్నారు. ఆ తరవాత నూరేళ్ళకు పైగా జీవితచరిత్రల్లో కూడా అదే మాట. సైమన్ గారు దినచర్య పుస్తకం దగ్గర పెట్టుకుని ఓట్లు వరసపెట్టి చూశారు. తొమ్మండుగురూ కలిసి ఒక కట్టుగా ఓటు వేయనే లేదు. బేరానికి రుజువు లేదని ఆయన తేల్చారు. పేర్లు రాసి పెట్టే అలవాటు వుంటే నిందలు కూడా ఎప్పుడో ఒకప్పుడు తేలతాయి.

మధ్యలో ఒక నవ్వు సంగతి చెప్పి, తరవాత అసలు సంగతికి వస్తాను. 1840 డిసెంబరు. సభ అప్పటికి స్ప్రింగ్‌ఫీల్డుకు మారింది కాని కొత్త భవనం పూర్తికాక ఒక చర్చిలో కూర్చుంటున్నారు. రాష్ట్ర బాంకు నోట్లకు నాణాలివ్వకుండా గడువు నడుస్తోంది. ఆ ప్రత్యేక సమావేశం ముగిసిందంటే గడువు తీరుతుంది, బాంకు చిక్కున పడుతుంది. సోమవారంనుంచి మామూలు సమావేశాలు ఎలాగూ వున్నాయి. అంతదాకా యిది ముగియకుండా ఆపితే చాలునని లింకన్ పక్షం, అంటే విగ్ పార్టీ, ఎత్తు వేసింది. మనవాళ్ళెవరూ సభకు వెళ్ళొద్దు, కోరం వుండదు, కోరం లేనిదే సభను ముగించలేరు. ఏం జరుగుతోందో చూడడానికి లింకన్, మరో ఒకరిద్దరు మాత్రం లోపల కూర్చున్నారు. అవతలిపక్షం యీ ఎత్తు కనిపెట్టి, తలుపులు మూయించి, బయటవున్నవాళ్ళను పట్టుకురమ్మని బంట్రోతును పంపింది. చూస్తూవుండగా తలలు కూడాయి. లింకన్ కంగారుపడి, తోడున్నవాళ్ళతో సహా, కిటికీ ఎక్కి బయటికి దూకేశాడు!

దూకినా లాభం లేకపోయింది. హాజరుపట్టీలో అప్పటికే పేరు పడిపోయింది. కోరం వున్నట్టే లెక్కవేసి సభ ముగించేశారు. అవతలిపక్షం పత్రిక వదిలిపెడుతుందా? లింకన్ గారి కాళ్ళు కిటికీలోనుంచే నేలకు తగులుతాయి కాబట్టి దెబ్బ తగల్లేదనీ, కొత్త భవనానికి యింకో అంతస్తు లేపడం మంచిదనీ ఎకసెక్కం చేసింది. ఆ తరవాత లింకన్ ఎన్నో కథలు చెప్పి జనాన్ని నవ్వించాడు కాని, యీ కథ ఎవరైనా ఎత్తితే ఆయనకు నచ్చేది కాదట.

ఇక అసలు సంగతి.

మళ్ళీ 1837 జనవరికి వెళ్ళాలి. బానిసత్వం వున్న దక్షిణ రాష్ట్రాలు అప్పటికి ఉత్తర రాష్ట్రాలన్నిటికీ వుత్తరాలు రాస్తున్నాయి. బానిసత్వాన్ని రద్దు చేయాలనే సంఘాలు మీ దగ్గర పుట్టుకొస్తున్నాయి, వాటిని అదుపులో పెట్టండి అని. ఇల్లినాయ్‌లో పేరుకు బానిసత్వం లేదు. కాని జనంలో ఎక్కువమంది దక్షిణాదినుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. సభలో తీర్మానం వచ్చింది. ఆ సంఘాలను మేము గర్హిస్తున్నాము, బానిసల మీద హక్కు దక్షిణ రాష్ట్రాలకు పవిత్రమైనది అని. జనవరి 20న ప్రతినిధుల సభలో ఓటు తీశారు. అవునన్నవారు 77. కాదన్నవారు 6. సెనేటులో కాదన్నవాడే లేడు.

ఆ ఆరుగురిలో లింకన్ ఒకడు. వయసు 27, యింకా 28 నిండలేదు.

ఆ రోజున ఆయన నోరు విప్పి పెద్ద ఉపన్యాసం ఏమీ చేయలేదు. ఆరు వారాలు వూరుకున్నాడు. ఆ ఆరు వారాల్లోనే రాజధాని బిల్లు నడుస్తోంది. దానికి ప్రతి ఓటూ కావాలి. ఫిబ్రవరి 28న రాజధాని దక్కింది. మార్చి 3న, సభ మూడు రోజుల్లో ముగియబోతుండగా, లింకన్ ఒక కాగితం తెచ్చి దినచర్య పుస్తకంలో ఎక్కించమన్నాడు. బానిసత్వం అన్యాయం మీదా తప్పు విధానం మీదా నిలబడి వుందని అందులో రాశాడు. ఆ వెంటనే, రద్దు సంఘాల ప్రచారం కీడునే పెంచుతుందని, రాష్ట్రాల్లోని బానిసత్వం జోలికి పోయే అధికారం కాంగ్రెసుకు లేదని కూడా రాశాడు. రాజధాని వాషింగ్టన్ జిల్లాలో మాత్రం ఆ అధికారం వుందని, అయితే అక్కడి ప్రజలు కోరితే తప్ప వాడకూడదని చేర్చాడు.

ఇప్పుడు చదివితే జంకుతూ రాసినట్టుంటుంది. సమయం చూసుకుని యిచ్చాడన్నదీ నిజమే. లెక్కలు చూసుకునే మనిషి ఆయన. కాని ఆ వూళ్ళలో అప్పటి గాలి ఎలాంటిదో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. అదే సంవత్సరం నవంబరు 7న, అదే రాష్ట్రంలోని ఆల్టన్ అనే వూళ్ళో, బానిసత్వానికి వ్యతిరేకంగా పత్రిక నడిపిన ఎలైజా లవ్‌జాయ్‌ని జనం గుంపుగా వచ్చి కాల్చి చంపారు.

ఆ రాజ్యాంగంలోని మరో నియమం యిక్కడ పనికివచ్చింది. సభ చేసిన పని తప్పని తోస్తే ఏ ఇద్దరు సభ్యులైనా కారణాలతో సహా తమ నిరసనను పుస్తకంలో రాయించవచ్చు. ఇద్దరు. ఒక్కడు చాలడు. కాబట్టి లింకన్‌కు రెండో సంతకం కావాలి. కాదని ఓటు వేసిన ఆరుగురిలో ఆ కాగితం కింద సంతకం చేసింది ఆయన కాక మరొక్కడే, తమ జిల్లావాడే అయిన డాన్ స్టోన్. ఆయన ఆ ఏడాదే న్యాయమూర్తిగా వెళ్ళిపోయాడు. మళ్ళీ ఓట్లకోసం జనం ముందు నిలబడవలసింది లింకన్ ఒక్కడే. నిలబడ్డాడు, 1838లో గెలిచాడు కూడా.

ఇరవైమూడేళ్ళ తరవాత, 1860లో, అధ్యక్షపదవికి పోటీచేస్తూ తన జీవితం గురించి ఒక పత్రికవాళ్ళకు నాలుగు ముక్కలు రాసి యిచ్చినప్పుడు, లింకన్ యీ నిరసనను ప్రస్తావించి, బానిసత్వం మీద తన అభిప్రాయం అప్పుడూ యిదే, యిప్పుడూ యిదే అన్నాడు. అన్నేళ్ళ శాసనసభ జీవితంలో చూపించుకోదగిన కాగితం అదేనని ఆయనకూ తోచిందేమో. కోటి డాలర్ల కాలువల సంగతి మాత్రం గొప్పగా చెప్పుకోలేదు.

ఇంతవరకూ విన్న మా మేనకోడలి ముఖం వెలిగిపోయింది. "ఆరుగురిలో ఒకడు!" అంది. అక్కడితో ఆపివుంటే కథ బాగుండేది. కాని చిట్టా చూపిస్తానన్నాక ఒక్క పేజీనే చూపించడం న్యాయం కాదు. దానికి ఏడాది ముందు పేజీకి తిప్పాను.

1836 జనవరి. లింకన్ మొదటి విడత సభ్యత్వం. నల్లవాళ్ళను ఓటింగుకు రానిచ్చి ఓటుహక్కును మైలపరచకూడదనే అర్థం వచ్చే తీర్మానం ఒకటి సభ ముందుకు వచ్చింది. 35 మంది అవునన్నారు, 16 మంది కాదన్నారు. లింకన్ పేరు ఆ 35లో వుంది.

అదే సంవత్సరం జూన్‌లో ఎన్నికలకు నిలబడుతూ పత్రికకు రాసిన వుత్తరంలో, పన్ను కట్టే లేదా ఆయుధం పట్టే తెల్లవారందరికీ ఓటు వుండాలి, ఆడవాళ్ళను మినహాయించడానికి వీల్లేదు అన్నాడు. అమెరికా రాజ్యాంగంలో స్త్రీల ఓటుహక్కు చేరింది 1920లో. అంటే యీయన దానికి 84 ఏళ్ళ ముందు ఆ మాట అన్నాడు. కాని అదే వాక్యంలో "తెల్లవారు" అనే మాట కూడా వుంది.

మా పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. "మరి తరవాత మారాడా, మామయ్యా?" అంది చివరికి.

మారాడు. మారడానికి దాదాపు ముప్ఫై ఏళ్ళు పట్టింది. మధ్యలో ఒక యుద్ధం జరిగింది. నల్ల సైనికులు లక్షకు పైగా ఆయన సైన్యంలో చేరి పోరాడారు. 1865 ఏప్రిల్ 11న, యుద్ధం ముగింపుకు వచ్చిన ఆనందంలో జనం వైట్‌హౌస్ ముందు గుమిగూడితే, లింకన్ కిటికీలో నిలబడి రాసుకున్న ఉపన్యాసం చదివాడు. నల్లవాళ్ళలో బాగా తెలివైనవారికీ, సైనికులుగా పనిచేసినవారికీ ఓటు యిస్తే బాగుంటుందని తన అభిప్రాయం అన్నాడు. అందరికీ అనలేదు, కొందరికి అన్నాడు. అంతమాత్రం ఏ అమెరికా అధ్యక్షుడూ అంతకు ముందు బహిరంగంగా అనలేదు.

ఆ గుంపులో నిలబడి విన్నవారిలో జాన్ విల్క్స్ బూత్ అనే నటుడు వున్నాడు. యిదే యీ మనిషి చేసే ఆఖరి ఉపన్యాసం అని పక్కవాడితో అన్నాడట. మూడో రోజు రాత్రి ఫోర్డు నాటకశాలలో ఆయనను కాల్చాడు.

మా మేనకోడలు దీపం ఆర్పేముందు మళ్ళీ ఒక ప్రశ్న వేసింది. ఆరుగురు కాదన్నారు కదా, సంతకం యిద్దరే పెట్టారేం, మిగతా నలుగురూ ఏమనుకున్నారు అని. ఓటు వేసినట్టు పుస్తకంలో వుంది కాని, ఏమనుకున్నారో లేదమ్మా అన్నాను. ఊరికి తిరిగి వెళ్ళేముందు ఆ పిల్ల మా శాసనసభ్యుడికి ఒక వుత్తరం రాసి, పోస్టు చేయమని నా చేతికి యిచ్చింది. ఆయన ఏయే తీర్మానాలకు ఎటు ఓటు వేశారో తెలియజేయవలసిందని. నేనే స్టాంపు అంటించి డబ్బాలో వేశాను. జవాబు వస్తే మీకూ చెబుతాను.